మన పట్టణములు కరవుకు, వరదకు ఆగగలవా?

(ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పట్టణముల క్షేమమును గూర్చి పల్లెవాసులగు మీతో ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నీటి విషయములో పల్లె, పట్టణము అను భేదము కాగితముమీద గీచిన గీత మాత్రమే. మీ ఊరి చెరువు మత్తడి దూకిన నీరే వాగై, ఏరై పట్టణపు వీధిలో ప్రవేశించును. పట్టణపు దాహము తీర్చు జలాశయము క్రింద మీ పూర్వుల ఇండ్లు మునిగియున్నవి. కరవు వచ్చిన యేడు పట్టణపు కుళాయికిని, మీ పొలపు తూమునకును నీరు ఒకే జలాశయమునుండి రావలసియున్నది. కావున ఒక పట్టణము కరవును, వరదను ఎంతవరకు తట్టుకొనగలదో తూచి చూచుట పట్టణవాసుల పని మాత్రమే కాదు; అది మీ పనియు నైయున్నది. ఆ తూకము ఎట్లు వేయవలెనో నేడు మీతో కలిసి ఆలోచింపదలచినాము.

మన నేల, మన వాన

2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది: ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు. కరీంనగరునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడగా, కొన్ని మండలములు ఇరుగుపొరుగు జిల్లాలలో చేరినవి. జిల్లాల హద్దులు మారినను నీటి హద్దులు మారలేదు. మానేరు, కడెం, స్వర్ణ, పెద్దవాగు, పెనుగంగ, ప్రాణహిత – ఇవన్నియు నేటికిని గోదావరి బిడ్డలే. నీరు పల్లమెరుగునే గాని జిల్లా కచ్చేరీ నెరుగదు.

మన ప్రాంతమున సంవత్సరమంతయు కురియు వానలో నూటికి ఎనుబది వంతుల వరకు జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు మాసములలోనే కురియును. ఆ నాలుగు నెలలలోను అసలైన వాన కొలది దినములలోనే పడిపోవును. వచ్చిన నీటిని నిలుపుకొన్నవాడు తక్కిన ఎనిమిది నెలలు బ్రతుకును. నిలుపుకొననివాడు వానకాలమున మునిగి, వేసవిలో ఎండును. కరవు, వరద అనునవి రెండు వేర్వేరు శత్రువులు కావు. ఒకే నీటిని సరిగా నడపలేకపోవుటవలన కలుగు రెండు ఫలితములవి.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక చదరపు కిలోమీటరు నేలమీద ఒక్క దినమున పది సెంటీమీటర్ల వాన పడినచో, ఆ నీరు పది కోట్ల లీటర్లగును. కరీంనగరు పట్టణ జనాభా 2011 జనగణన ప్రకారము సుమారు 2.6 లక్షలు. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని మన దేశమున ప్రమాణముగా పెట్టుకొన్నారు. ఆ లెక్కన ఆ జనాభాకు దినమునకు సుమారు మూడున్నర కోట్ల లీటర్లు చాలును. అనగా ఒక్క చదరపు కిలోమీటరుపై ఒక్కనాడు కురిసిన పెద్దవాన, ఆ పట్టణమంతటికి దాదాపు మూడు దినముల నీటికి సమానము. ఆ నీరే కుంటలో చేరిన సంపద. పల్లపు వాడలో చేరిన ఆపద.

ఒకే యేట రెండు పరీక్షలు

ఈ మాటకు 2016వ సంవత్సరము సాక్ష్యము. అంతకుముందు 2015లో వానలు తప్పి, తెలంగాణములో 231 మండలములను కరవు మండలములుగా ప్రకటించిరి. 2016 వేసవి నాటికి శ్రీరాంసాగరము అడుగంటినది. కాకతీయ కాలువ ఎండిపోయినది. ఊరూర బోర్లు వట్టిపోయి, ట్యాంకరు వచ్చు వేళకు బిందెలు వరుస కట్టినవి. నాలుగు నెలలు గడువకముందే, అదే సంవత్సరము సెప్టెంబరు చివర కుండపోత వానలు కురిసినవి. శ్రీరాంసాగరము తలుపులెత్తి నీరు క్రిందికి వదలవలసివచ్చినది. మాన్వాడ దగ్గర నిర్మాణములో నున్న మధ్య మానేరు ఆనకట్ట మట్టికట్టకు గండి పడగా, దిగువ పల్లెల ప్రజలు సామాను వదలి మెట్టలకు చేరవలసివచ్చినది.

మే నెలలో బిందెడు నీటికై వెదకిన జనము సెప్టెంబరులో నీటినుండి పారిపోవలసి రావలెనా? ఒకవైపు కరవు శాఖ, మరియొకవైపు వరద శాఖ వేర్వేరు దస్త్రములు వ్రాసికొన్నంత కాలము ఇట్లే జరుగుచుండును. పట్టణమును తూచునప్పుడు ఈ రెంటిని ఒకే త్రాసులో పెట్టి తూచవలెను.

కడెం నేర్పిన పాఠము

వరదను గురించి మన ప్రాంతమునకు కడెం ప్రాజెక్టుకంటె పెద్ద బడి లేదు. నేడు నిర్మల్ జిల్లాలో నున్న ఈ ప్రాజెక్టుకు 1958 ఆగస్టులో ఊహింపనంత వరద వచ్చినది. ఆనాటి ప్రవాహము సెకనుకు సుమారు 14,700 ఘనపు మీటర్లు. మన వాడుక లెక్కలో 5.2 లక్షల క్యూసెక్కులకు కొంచెము తక్కువ. నీరు కట్టకు పైన అడుగున్నర ఎత్తున పొర్లినది. ఎడమవైపున దాదాపు 450 అడుగుల వెడల్పున గండి పడినది. కుడివైపున మరి రెండు గండ్లు పడినవి. ఆ తరువాత కట్టను బాగుచేసి, తొలుత నున్న తొమ్మిది తలుపులకు మరి తొమ్మిది చేర్చి, పదునెనిమిది చేసిరి.

అరువదినాలుగు సంవత్సరములు గడచినవి. 2022 జూలై 13వ తేదీన కడెమునకు మరల సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. పదునెనిమిది తలుపులును ఎత్తినచో బయటికి పోగలది సుమారు మూడు లక్షలు మాత్రమే. అందులో ఒక తలుపు ఎత్తుటకు వీలు కాలేదు. క్రింది పల్లెల వారిని ముందే తరలించిరి. ఎడమ కాలువ వైపున నేల కోసికొనిపోయి నీటికి మరియొక త్రోవ దొరకుటచే కట్ట నిలిచినది. మరుసటి సంవత్సరము, 2023 జూలై 27వ తేదీన, మరల వరద వచ్చి తలుపుల పైనుండి నీరు పొర్లినది. అప్పుడును కొన్ని తలుపులు మొరాయించినవి.

ఇందు గ్రహింపవలసినది మూడు సంగతులు.

మొదటిది – ఎన్నడును రాని వరద వచ్చినదని 2022లో అనుకొన్నాము గాని, అంతటి వరదను 1958లోనే ఆ యేరు మనకు చూపియున్నది. ఏరు మరువలేదు, మరచినది మనము. పట్టణములకును ఇదే వర్తించును. ఇరువది, ముప్పది సంవత్సరముల అనుభవమును మాత్రమే కొలబద్దగా పెట్టుకొని ఇండ్లు కట్టినచో, తాతలనాటి వరద మనుమల యింటికి వచ్చును.

రెండవది – కాలము. ఐదు లక్షల క్యూసెక్కుల వేగమున ఒక టి.ఎం.సి. నీరు చేరుటకు ముప్పదిమూడు నిమిషములు చాలును. కడెం జలాశయము పట్టునది 7.6 టి.ఎం.సి.లు. అనగా పూర్తిగా ఖాళీగా నున్నను నాలుగు గంటల పైచిలుకులో నిండిపోవును. ఎగువ వానను చూచి, వార్త పంపి, తలుపులెత్తి, క్రింది ఊళ్ళను లేపి, ముసలివారిని, పసివారిని మెట్టకు చేర్చుటకు మనకున్నది ఆ నాలుగు గంటలే. అది అర్ధరాత్రి కూడ కావచ్చును.

మూడవది – యంత్రము. పదునెనిమిది తలుపులు కలవని కాగితముమీద వ్రాసికొన్నంత మాత్రమున చాలదు. వానకాలమునకు ముందు వాటిలో ఎన్ని లేచుచున్నవో ఎత్తి చూడవలెను. పట్టణపు మోటార్లు, మురుగుకాలువల తలుపులు, విద్యుత్తు, సైరను – అన్నిటికిని ఇదే పరీక్ష.

నీటి త్రోవలో ఇల్లు

ఇక పట్టణముల లోపలికి వత్తము. నిర్మల్ పట్టణము గొలుసుకట్టు చెరువులకు పేరుపొందినది. ఒక చెరువు నిండి మత్తడి దూకినచో ఆ నీరు రెండవ చెరువునకు, రెండవది నిండిన మూడవదానికి చేరును. పెద్దలు కట్టిన ఈ గొలుసులో ప్రతి చెరువును ఒక తాళము వంటిది. వరద జోరును మెట్టుమెట్టుకు తగ్గించును, కరవునాటికి నీరు దాచును. గొలుసులో ఒక్క కడియము తెగినను గొలుసు పని చేయదు. 2021 జూలైలో కురిసిన వానకు స్వర్ణ వాగు పొంగి, నిర్మల్‌లోని జి.ఎన్.ఆర్. కాలనీ మునిగినప్పుడు, జనులను పడవలపై బయటికి తేవలసివచ్చినది.

ఆ యేడే సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణ వీధులు వాగులైనవి. కొత్త కలెక్టరు కార్యాలయపు ఆవరణమే నీట చిక్కినది. వరద వచ్చినప్పుడు ఆజ్ఞలు వెలువడవలసిన చోటే నీరు నిలిచినచో, ఆజ్ఞ ఇచ్చువారెవరు? 2022 జూలైలో మంచిర్యాలలో గోదావరి పొంగి, రాళ్ళవాగు నీరు వెనుకకు తన్ని వాడలు మునిగినవి. ఏటి ఒడ్డున గల మాతాశిశు ఆసుపత్రిలోనికి నీరు రాగా, గర్భిణులను, బాలింతలను, పసికందులను ఆ వానలో వేరొక చోటికి తరలించవలసివచ్చినది. ఆ దినములలోనే మంథని వీధులును మునిగినవి. ఆ సంవత్సరపు వరదలకు కుంగిన పెద్దవాగుపై అందెవెల్లి వంతెన అక్టోబరులో కూలిపోగా, కాగజ్‌నగరుకు, దహెగాము వైపు పల్లెలకు నడుమ రాకపోకలు తెగినవి.

ఇందు ఎవరిని నిందించుటకును మేము ఈ పేర్లు చెప్పుట లేదు. ఒక సూత్రమును చూపుటకే చెప్పుచున్నాము. పట్టణమున ఎన్ని ఇండ్లు మునిగినవను లెక్కకంటె, ఏ ఇండ్లు మునిగినవను లెక్క ముఖ్యము. ఆసుపత్రి, విద్యుత్తు ఉపకేంద్రము, నీటి శుద్ధి కేంద్రము, పోలీసు ఠాణా, కలెక్టరు కార్యాలయము – ఈ ఐదు మెట్టమీద నున్న పట్టణము వరదలో తడియును గాని చెడదు. ఈ ఐదు పల్లములో నున్న పట్టణము తడియక మునుపే చెడును.

కుళాయి వెనుక నున్న కథ

ఇక కరవు మాట. కరీంనగరునకు నీరిచ్చు దిగువ మానేరు జలాశయపు పని 1974లో మొదలై, 1985 నాటికి అది వినియోగములోనికి వచ్చినది. దాని సామర్థ్యము సుమారు 24 టి.ఎం.సి.లు. మానేరు నీరే గాక, శ్రీరాంసాగరమునుండి కాకతీయ కాలువద్వారా గోదావరి నీరును ఇందు చేరును. మిడ్ మానేరు పూర్తియైన పిదప ఎగువ నుండి మరియొక ఆసరా కలిగినది. 2020 జూలైలో కరీంనగరున ప్రతిదినము కుళాయి నీరిచ్చు ఏర్పాటు ప్రారంభమైనది.

పట్టణపు త్రాగునీటికి ఎంత కావలెనో ఇంతకుముందే లెక్కించినాము: దినమునకు మూడున్నర కోట్ల లీటర్లు. సంవత్సరమునకు అది అర టి.ఎం.సి. కూడ కాదు. నేటి జనాభా 2011 నాటికంటె ఎక్కువైనను, రెట్టింపనుకొన్నను ఒక్క టి.ఎం.సి.కి లోపే. 24 టి.ఎం.సి.ల కుండలో ఒక్క టి.ఎం.సి. దాహమునకు భయపడనేల? భయపడవలసినది కుండ చిన్నదని కాదు. ఆ ఒక్క టి.ఎం.సి.ని ఎవరును ముట్టకుండ ముందే వేరుగా దాచిపెట్టుట మరచుదుమేమోయని భయపడవలెను. ఆవిరియై పోవునది, అడుగున తోడుటకు వీలులేక మిగులునది తీసివేసి, త్రాగునీటి మట్టమును గీత గీచి నిలుపవలెను. ఆ గీతను వానకాలము ముగిసిన నాడే గీయవలెను. ఏప్రిల్ నెలలో గీచినచో అది రైతు నోటి దగ్గర నీరు లాగికొనుటయే యగును.

జలాశయము పేరుకు ఎంత పట్టునో చూచిన చాలదు. నిజముగా ఎంత పట్టుచున్నదో చూడవలెను. 1963 జూలై 26న పండిత నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరము తొలి సామర్థ్యము 112 టి.ఎం.సి.లు. మట్టి పూడుకొనుటచే అది 90కిని, తరువాతి సర్వేలో 80 పైచిలుకునకును తగ్గినట్లు తేలినది. ఎత్తిపోతలపై ఆధారపడిన నీటికి మరియొక చిక్కు కలదు. 2019లో ప్రారంభమైన కాళేశ్వరము ఎత్తిపోతలలో కన్నేపల్లి, అన్నారము పంపుహౌసులు 2022 జూలై వరదలో మునిగినవి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు కుంగిన తరువాత ఆ బ్యారేజీలలో నీరు నిలుపుట మానవలసివచ్చినది. ఒకే త్రోవను నమ్ముకొన్న ఊరు ఆ త్రోవ మూసికొన్ననాడు నిలిచిపోవును.

ఆదిలాబాదు పట్టణమున మనకంటె వాన ఎక్కువ. అయినను ఆ పట్టణపు దాహమును చాలకాలము తీర్చిన మావల చెరువు వంటి చిన్న జలాశయములు ఒక్క వానకాలము తప్పినను కృశించిపోవును. పెద్ద జలాశయమున్న కరీంనగరు కేటాయింపుల తగవుతో బాధపడును. వాన ఎక్కువైన ఆదిలాబాదు నిలువచేయు చోటు చాలక బాధపడును. కావున రెంటికిని ఒకే మందు వ్రాయరాదు.

పొరుగు వారి అనుభవమును చూడుడు. చెన్నపట్టణము 2015 డిసెంబరులో నీట మునిగినది. నాలుగు సంవత్సరములు తిరుగకముందే, 2019 వేసవిలో, దాని జలాశయములు ఎండి, రైలుబండ్లలో నీరు తెచ్చుకొన్నది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమున 2018లో మనిషికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని కట్టడి చేసిరి. ధనికులు, పేదలు ఒకే కొలతకు లోబడుటచే ఆ నగరము గట్టెక్కినది. అనగా కరవునాడు పట్టణమును కాపాడునది గొట్టము మాత్రమే కాదు, కట్టుబాటు కూడ.

తూకము వేయుట యెట్లు?

ప్రపంచములో ఈ తూకమునకు పద్ధతులు ఏర్పడినవి. ఐక్యరాజ్యసమితివారు 2010లో నగరములను ఆపదలకు సన్నద్ధము చేయు ఉద్యమమును ప్రారంభించి, పది ముఖ్యాంశములను చెప్పిరి. మన కేంద్ర ప్రభుత్వము 2019లో పట్టణముల వాతావరణ సంసిద్ధతను కొలుచు పద్ధతిని ప్రవేశపెట్టి, తరువాత దానిలో ఐదు విభాగములు, 28 సూచికలు ఏర్పరచినది. 2017లో స్మార్టు సిటీ పథకమునకు ఎంపికైన కరీంనగరు వంటి పట్టణములకు ఇట్టి మార్కులు అవసరమే. కాని మార్కులు పట్టణపు సగటును చెప్పును. వరద సగటును చూచి రాదు, పల్లపు వాడను చూచి వచ్చును. కావున మార్కులతోపాటు ఏ సామాన్యుడైనను అడుగదగిన ఐదు ప్రశ్నలను మేము మీ ముందుంచుచున్నాము.

1. వానలు పూర్తిగా తప్పినచో ఈ పట్టణమునకు ఎన్ని నెలల త్రాగునీరు వేరుగా దాచబడియున్నది? మొదటి త్రోవ మూసికొనినచో రెండవ త్రోవ ఏది?

2. మనకు తెలిసిన అతిపెద్ద వరద మరల వచ్చినచో నీరు ఏ వీధివరకు వచ్చును? ఆ గుర్తు గోడమీద గాని, స్తంభముమీద గాని వేసి, అందరికి కనబడునట్లున్నదా?

3. చెరువులు, కుంటలు, వాగులు, ఒర్రెలు – పాత పటమున ఎన్ని యున్నవి, నేడు నేలమీద ఎన్ని యున్నవి? శిఖం భూమిలో కట్టుటకు అనుమతి లేకుండ చూచువారెవరు?

4. ఎగువ తలుపు ఎత్తిన క్షణమునుండి పల్లపు వాడలోని ఆఖరి ఇంటికి వార్త చేరుటకు ఎన్ని నిమిషములు పట్టును? ఎవరు చెప్పుదురు? విద్యుత్తు పోయినచో ఎట్లు చెప్పుదురు?

5. ఆపద తీరిన తరువాత తిరిగి లేచుటకు ఎక్కువ కాలము పట్టునది ఎవరికి? అద్దె గుడిసెలోని కూలికా, మరమగ్గము నమ్ముకొన్న నేతపనివారికా, తోపుడుబండి వర్తకునికా? వారికి మొదటి సాయము ఏ దినమున అందును?

ఈ ఐదింటికి జవాబు చెప్పగలిగిన పట్టణము ఎంత పేదదైనను ధీరమైనది. చెప్పలేని పట్టణము ఎంత మెరుగులు దిద్దుకొన్నను చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనునదే యగును.

పల్లె భారము, పల్లె హక్కు

ఇప్పుడు మనము అసలు చిక్కు దగ్గరకు వచ్చినాము. పట్టణపు క్షేమమునకు వెల ఎవరు చెల్లించుచున్నారు? మధ్య మానేరు కొరకు కొదురుపాక, నీలోజిపల్లి, రుద్రవరము, చీర్లవంచ మొదలగు ఊళ్ళు మునిగినవి. ఆ ఊళ్ళవారు ఇల్లు, పొలము, వేపచెట్టు నీడ వదలి లేచిరి. జలాశయపు తలుపులు ఎత్తి వదలిన నీరు మొదట ముంచునది ఏటి ఒడ్డు పొలములనే. 2025 ఆగస్టులో నర్మాల దగ్గర ఎగువ మానేరు ఉద్ధృతిలో చిక్కుకొన్న రైతులను హెలికాప్టరుతో రక్షింపవలసివచ్చినది. కరవునాడు నీరు వదులుకొనునదియు పల్లెయే; వరదనాడు నీరు మోయునదియు పల్లెయే.

కావున పట్టణము తన్ను తాను తూచుకొనునప్పుడు ఎగువ, దిగువ పల్లెలను త్రాసునుండి తొలగింపరాదు. తన ఆపదను పది మైళ్ళ క్రిందికి నెట్టివేసి, గట్టెక్కితినని చెప్పుకొనుట సంసిద్ధత కాదు. త్రాగునీటికై నీరు వేరుగా ఉంచినందున ఏ ఆయకట్టు పైరు ఎండినదో, ఆ రైతునకు ముందే తెలుపవలెను. ఆరుతడి పంటలకు మళ్ళుటకు వేళ నీయవలెను. తలుపులెత్తుటచే మునుగు పొలమునకు పరిహారము ఏ లెక్కన ఇత్తురో వానకాలమునకు ముందే ప్రకటింపవలెను. ఇది దయ కాదు, న్యాయము.

పల్లెకును బాధ్యత కలదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయవలన అనేక చెరువులలో పూడిక తీసిరి. తీసిన చెరువును కాపాడుట ప్రభుత్వము ఒక్కటే చేయగల పని కాదు. మీ ఎగువ చెరువు కట్ట తెగినచో దిగువ చెరువునకు రెండింతల దెబ్బ తగులును. ఒక దాని వెనుక నొకటి తెగిన గొలుసు తుదకు పట్టణము మెడకు చుట్టుకొనును. కట్టపై పెరిగిన కంపచెట్లను మేలోనే కొట్టించుడు. తూము, మత్తడి చూచు నీరటికాని పని మీ ఊళ్ళలో నిలిచిపోయియున్నచో, దానిని మరల పెట్టుకొనుడు. మానేరు ఇసుక నదికి చర్మము వంటిది. ఆ చర్మము ఒలిచినచో బావులు ఎండును, ఒడ్డులు కూలును. ఇసుక విషయములో ఊరి నోరు మూయించు లాభమునకు ఆశపడకుడు.

వచ్చు గ్రామసభలో చేయదగిన పనులు

పెద్ద మాటలతో మిమ్ము ఇండ్లకు పంపుట మా యుద్దేశము కాదు. వచ్చు గ్రామసభలో నాలుగు పనులు చేయుడు. ఊరిలోని పెద్దవారిని పిలిచి, వారు చూచిన అతిపెద్ద వరద ఏ యేడు వచ్చెనో, ఎంతవరకు వచ్చెనో అడిగి, బడి గోడమీద రంగుతో గీత వేయించి, సంవత్సరము వ్రాయించుడు. ఏ బావి, ఏ కుంట ఏ కరవులో ఆఖరున ఎండినదో అదే పుస్తకములో వ్రాసికొనుడు. రాబోవు కరవునాడు ఆదుకొనునది అదియే. మీ చెరువు మత్తడి నీరు ఏ వాగులో కలసి, ఏ పట్టణమునకు పోవుచున్నదో పటము గీయించుడు. ఆ పటమును, ఆ పుస్తకమును తీసికొని పట్టణపు పురపాలక కార్యాలయమునకు వెళ్ళి, పై ఐదు ప్రశ్నలను అడుగుడు.

మిమ్ము చూచి, పల్లెవారికి పట్టణపు సంగతి ఏలయని ఎవరైనను అన్నచో, మీరు ఒక్కమాట చెప్పుడు: "అయ్యా, మీ కుళాయిలోని నీరు మా ఊరిమీదుగా వచ్చినది, మీ వీధిలోని వరదయు మా ఊరిమీదుగానే వచ్చును. దారి తెలిసినవారము మేము. మమ్ము అడుగక లెక్క వేసినచో ఆ లెక్క తప్పును."

కడెం తన వరదను అరువదినాలుగు సంవత్సరముల తరువాత మరల చూపినది. ఈమారు ఏరు మనకు అంత గడువు ఇచ్చునని చెప్పలేము. ఏరు వచ్చి గుర్తుచేయక మునుపే మనము గుర్తుంచుకొందుము గాక. మీ ఊరి గోడమీద వేయబోవు ఆ గీత, పట్టణమున వ్రాయబోవు పెద్ద నివేదికకంటె తక్కువ విలువైనది కాదని మేము దృఢముగా నమ్ముచున్నాము.